ఐదు నెలల నడకకు ఉద్యోగం వదలాలా?

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో చేరి నాలుగేళ్ల రెండు నెలలైంది. చేతికి నెలకు లక్షా ఐదు వేలు వస్తాయి, బేసిక్ 50 వేలు. ఫ్లాట్ ఈఎంఐ 32 వేలు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది 15 వేలు. నా ఖర్చులు పోను 35 వేలు మిగులుతాయి. పీఎఫ్ కాక బ్యాంకులో ఏడున్నర లక్షలున్నాయి. అమెరికాలో మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా ఉన్న పసిఫిక్ క్రెస్ట్ ట్రయల్ మొత్తం నడవాలని మూడేళ్లుగా కోరిక. జనవరిలో రాజీనామా ఇచ్చి ఏప్రిల్‌లో బయల్దేరాలనుకుంటున్నాను. నడుస్తూనే మధ్యలో ఫ్రీలాన్స్ చేసుకోవచ్చని స్నేహితులు అంటున్నారు. ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: వెళ్లండి. అయితే వచ్చే ఏప్రిల్‌లో కాదు, ఆ పై ఏప్రిల్‌లో. ఈ పద్దెనిమిది నెలల్లో చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. వాటి వరుస తప్పితే డబ్బూ పోతుంది, నడకా పోతుంది. ఆ వరుసలో రాజీనామా అన్నిటికంటే ఆఖరి కాగితం. చాలామంది దాన్నే మొదట ఇచ్చేసి చిక్కుల్లో పడుతున్నారు.

మొదటి కాగితం వీసా. మీకు కావాల్సింది బి-2 పర్యాటక వీసా. అక్కడి వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, పని చూసుకుని తిరిగి వెళ్లిపోతానని దరఖాస్తు చేసినవారే అధికారిని ఒప్పించాలి. జీతం స్లిప్పులు, ఫ్లాట్ కాగితాలు ఉన్న 29 ఏళ్ల మనిషికీ, గత నెలలో ఉద్యోగం వదిలేసి ‘ఐదు నెలలు అడవుల్లో నడుస్తాను’ అని చెప్పే అదే మనిషికీ ఆ కౌంటర్ ముందు చాలా తేడా ఉంటుంది. ఇంటర్వ్యూ తేదీకే నెలల తరబడి ఆగాల్సి రావచ్చు. మనవాళ్లకు ఈ వీసా సాధారణంగా పదేళ్లకు ఇస్తారు కాబట్టి ముందే తీసుకుంటే నష్టం లేదు. ఉద్యోగంలో ఉండగా, ఈ నెలలోనే దరఖాస్తు చేయండి. ఇంటర్వ్యూలో నడక సంగతి దాచకండి. ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు, ఖర్చు ఎవరిది, తిరిగి ఎప్పుడు డ్యూటీలో చేరతారు అన్న నాలుగు ముక్కలు తడుముకోకుండా చెప్పగలిగితే చాలు. వీసా చేతికొచ్చినా అమెరికాలో ఎన్నాళ్లు ఉండాలో తేల్చేది విమానాశ్రయంలోని అధికారి. మామూలుగా ఆరు నెలలిస్తారు. ఐదు నెలల నడకకు ముందు వారం, వెనక వారం కలిపినా అందులో సరిపోతుంది. నెల ముందే వెళ్లి బంధువుల ఇళ్లు చుట్టొస్తానంటే మాత్రం సరిపోదు.

రెండోది సెలవు. మీ కంపెనీ హెచ్‌ఆర్ పోర్టల్‌లో ‘సబ్బాటికల్’ అని వెతకండి. పెద్ద ఐటీ కంపెనీలు చాలావాటిలో కొన్నేళ్ల సర్వీసు తర్వాత జీతం లేని దీర్ఘకాలిక సెలవు ఇచ్చే పద్ధతి ఉంది. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి దాని గురించి తెలిసినవాళ్లూ తక్కువ. ‘కొంత కాలం బ్రేక్ కావాలి’ అని అడిగితే పని జరగదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఆరు నెలలు, నా పని ఎవరికి ఎలా అప్పగిస్తాను, తిరిగి ఏ రోజు చేరతాను అని ఒక పేజీ రాసి, ఎనిమిది నెలల ముందు మేనేజర్‌కు ఇవ్వండి. ప్రాజెక్టు రిలీజ్ నెత్తిమీద ఉన్న నెలలో అడక్కండి. ఒప్పుకున్నాక మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి. తిరిగొచ్చాక అదే గ్రేడ్‌లో తీసుకుంటారా, సెలవులో గ్రూప్ ఆరోగ్య బీమా నడుస్తుందా, ఆ ఏడాది అప్రైజల్ సంగతేంటి? నోటిమాట ఇచ్చిన మేనేజర్ మీరు అక్కడ సియెర్రా కొండల్లో ఉండగా వేరే టీమ్‌కు మారిపోవచ్చు.

ఇక డబ్బు. మా లెక్క ఇది. నడకలో తిండి, పట్టణాల్లో బస, బూట్లు కలిపి నెలకు 1,100 డాలర్ల చొప్పున ఐదు నెలలకు 5,500 డాలర్లు. డాలర్‌కు 90 రూపాయలు వేసుకుంటే సుమారు 4.95 లక్షలు. విమానం, వీసా ఒకటిన్నర లక్ష. గుడారం, స్లీపింగ్ బ్యాగ్, సంచి వంటివన్నీ ఒకటిన్నర లక్ష. బాటలోని అతి ఎత్తైన చోటు వరకు నడకకు వర్తించే ప్రయాణ బీమా 60 వేలు, చిల్లర ఖర్చులు 40 వేలు. మొత్తం దాదాపు 9 లక్షలు. మీరు ఎక్కడ నడుస్తున్నా ఇక్కడ ఈఎంఐ, ఇంటికి పంపేది కలిపి నెలకు 47 వేలు ఆగవు. సెలవు మీద వెళితే ఆరు నెలలకు 2.82 లక్షలు. దారిలో కాలు విరిగితే వెనక్కి రావడానికి విడిగా ఒకటిన్నర లక్ష. అన్నీ కలిపి 13.32 లక్షలు. పద్దెనిమిది నెలలు ఇలాగే దాచితే మీ దగ్గర 13.8 లక్షలుంటాయి.

రాజీనామా చేసి వెళితే తిరిగొచ్చాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇంకో ఆరు నెలలు వేసుకోవాలి. అప్పుడు కావాల్సింది 16.14 లక్షలు. గ్రాట్యుటీ కలిపినా 60 వేలు తక్కువ పడుతుంది. గ్రాట్యుటీ గురించి ఇంకో మాట. దానికి ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. వచ్చే ఏప్రిల్‌కి మీకు నాలుగేళ్ల ఎనిమిది నెలలే. నాలుగేళ్ల 240 రోజులు చాలన్న వాదన ఉంది కానీ, దాన్ని నమ్ముకుని తేదీ పెట్టుకోకండి. ఆ పై ఏప్రిల్‌కి ఐదేళ్ల ఎనిమిది నెలలవుతుంది. ఆరు నెలలు దాటిన ముక్కను నిండు ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి 50 వేల బేసిక్ మీద 15/26 చొప్పున ఆరేళ్లకు 1,73,076 రూపాయలు. పీఎఫ్ ముట్టుకోవద్దు. ఇప్పుడే సొంతంగా ఒక ఆరోగ్య బీమా తీసుకోండి. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప వేటికీ చెల్లించరు. రాజీనామా ఇచ్చే పరిస్థితే వస్తే గ్రూప్ బీమా ఆఖరి పని రోజుతో ఆగిపోతుంది.

ఫ్రీలాన్స్ ఆలోచన మానేయండి. బి-2 మీద ఉండి పని చేయడం వీసా నియమాలకే విరుద్ధం. పైగా రోజుకు పది పన్నెండు గంటలు నడిచి, నాలుగు రోజులకోసారి సిగ్నల్ దొరికే మనిషి ఎవరికీ గడువులోపు పని ఇవ్వలేడు.

నడక అనుమతిని పసిఫిక్ క్రెస్ట్ ట్రయల్ అసోసియేషన్ ఉచితంగా ఇస్తుంది. 500 మైళ్లు, అంటే 800 కిలోమీటర్లు పైబడి నడిచేవారికి ఒకే అనుమతి చాలు. దక్షిణ కొస నుంచి మార్చి 1 - మే 31 మధ్య రోజుకు 50 మందికే తేదీలిస్తారు. తొలి విడత నవంబర్‌లో, రెండోది జనవరిలో. తేదీ ఖాయమయ్యాకే విమానం టికెట్ కొనండి. ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారం వరకు ఏ రోజు దొరికినా మంచిదే. మరీ ముందు బయల్దేరితే సియెర్రా నెవాడా కొండల మీద మంచు ఇంకా కరిగి ఉండదు. అందులో 4,009 మీటర్ల ఫారెస్టర్ కనుమ దాటాలి. మీరు జూన్‌లో అక్కడికి చేరేసరికి మంచు కరుగుతూ వాగులు పొంగుతాయి. వాటిని తెల్లవారుజామున, నీరు తక్కువగా ఉన్నప్పుడు దాటాలి. ఆలస్యమైతే చివర వాషింగ్టన్ రాష్ట్రంలో సెప్టెంబర్ ఆఖరుకే కొత్త మంచు పడొచ్చు. ఆగస్టు తర్వాత కార్చిచ్చుల వల్ల కొన్ని భాగాలు మూసేయడం కూడా మామూలే. అప్పుడు దారి మళ్లాలి తప్ప పంతానికి పోకూడదు. ఇంకొకటి: 2025 జనవరి నుంచి ఈ బాట మీదుగా కెనడాలోకి అడుగుపెట్టే అనుమతి తీసేశారు. సరిహద్దు స్తంభాన్ని తాకి, దాదాపు 50 కిలోమీటర్లు వెనక్కి నడిచి హార్ట్స్ పాస్ దగ్గర రోడ్డెక్కాలి. ఆఖరి సంచిలో ఆ రెండు రోజుల తిండి అదనంగా ఉండాలి.

నడకను సగంలో ఆపేలా చేసేది చాలాసార్లు ఎలుగుబంటి కాదు, మడమ. బాట పొడవు 4,265 కిలోమీటర్లు. 150 రోజుల్లో 20 రోజులు విశ్రాంతికి తీసేస్తే రోజుకు దాదాపు 33 కిలోమీటర్లు పడుతుంది. అంత దూరం మొదటి రోజు నుంచే నడవాలని చూస్తారు. ఊపిరితిత్తులు, కండలు రెండు మూడు వారాల్లో అలవాటు పడతాయి కానీ కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువులూ, ఎముకలూ గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఒంట్లో హుషారుంది కదా అని రెండో వారంలో 35 కిలోమీటర్లు లాగితే మూడో వారంలో మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి మొదలవుతుంది. కొందరికి సన్నని పగులు కూడా వస్తుంది. మొదటి రెండు వారాలు రోజుకు 16 నుంచి 20 కిలోమీటర్లు దాటొద్దు. అయితే మొదటి రోజే ఒక చిక్కుంది. బాట మొదలయ్యే కాంపో నుంచి లేక్ మొరీనా వరకు 32 కిలోమీటర్లు నమ్మదగ్గ నీళ్లు లేవు. దాన్ని రెండు రోజులుగా విడగొట్టి, ఐదారు లీటర్ల నీళ్లతో బయల్దేరండి.

బొబ్బకు కారణం మూడు: తడి, వేడి, రాపిడి. మడమ మీద ఒక్కచోట చురుక్కుమని వేడిగా అనిపించిందంటే బొబ్బ ఇంకా లేవలేదని అర్థం. ఇంకో పావుగంటలో లేస్తుంది. అక్కడే ఆగండి. బూటు విప్పి, సాక్స్ తీసి, ఇసుక దులిపి, కాలు ఆరనిచ్చి, ఆ చోట ల్యూకోటేప్ (గట్టిగా అంటుకునే మెడికల్ టేపు) ముక్క అంచులు గుండ్రంగా కత్తిరించి అంటించండి. మూల ఉంటే సాక్స్‌కి తగులుకుని ఊడిపోతుంది. మధ్యాహ్నం ఎక్కడ ఆగినా బూట్లు విప్పడం అలవాటు చేసుకోండి. బరువైన తోలు బూట్లు వద్దు. గాలి ఆడే ట్రయల్ రన్నర్లు (కొండదారుల్లో పరుగుకు వాడే తేలిక బూట్లు), రోజూ వేసేదానికంటే ఒక సైజు పెద్దవి కొనండి. నడిచే కొద్దీ పాదం వెడల్పవుతుంది. ఒక్కో జత 600 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. అన్నీ ఒకేసారి కొనేస్తే మూడో జత నాటికి సైజు చాలకపోవచ్చు.

తిండి, నీళ్లు కాక సంచి బరువు 8 కిలోల దగ్గర ఆపండి. రోజుకు 800 గ్రాముల చొప్పున ఐదు రోజుల తిండి, నాలుగు లీటర్ల నీళ్లు కలిస్తే అదే 16 కిలోలవుతుంది. సియెర్రాలో చాలాచోట్ల ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బా తప్పనిసరి. అదొక్కటే కిలో పైన ఉంటుంది. శాకాహారులైతే పల్లీ వెన్న, టోర్టియాలు, ఇన్‌స్టంట్ అన్నం, బంగాళదుంప పొడి దారి పొడవునా దుకాణాల్లో దొరుకుతాయి. కందిపొడి, పప్పుల వంటివి అక్కడి ఇండియన్ స్టోర్లో కొని, ముందున్న పోస్టాఫీసుకు ‘జనరల్ డెలివరీ’ పేరిట పంపుకోవచ్చు, మీరొచ్చి తీసుకునేదాకా అక్కడ ఉంచుతారు. పార్సెల్ చేసే ముందు ఆ పోస్టాఫీసు పనివేళలు చూసుకోండి. శనివారం మధ్యాహ్నం చేరితే సోమవారం దాకా కూర్చోవాలి.

ఇంట్లోవాళ్ల విషయానికొస్తే, అమ్మ భయపడేది పిల్లాడు ఎక్కడున్నాడో తెలియకుండా పోతాడని. దానికి శాటిలైట్ మెసెంజర్ ఉంది. రోజూ రాత్రి ఒక మీట నొక్కితే ‘బాగున్నాను’ అన్న సందేశం, ఉన్న చోటుతో సహా ఇంటికి వెళ్తుంది. దాన్ని అమెరికాలోనే కొనండి లేదా అద్దెకు తీసుకోండి, అక్కడే వదిలేసి రండి. అనుమతి లేకుండా ఇలాంటి శాటిలైట్ పరికరాలు మన దేశంలో ఉంచుకోవడం నేరం. విమానాశ్రయంలో పట్టుబడితే కేసవుతుంది. సంబంధాలు చూసేవాళ్లకు తిరిగొచ్చే తేదీ, సెలవు పత్రం చూపించండి. ‘ఉద్యోగం మానేశాడట’ అనే మాటకూ ‘ఆరు నెలలు సెలవు పెట్టాడట’ అనే మాటకూ ఎంత తేడా ఉందో మీకు తెలుసు.

ఈలోగా సంచిలో 10 కిలోలు వేసుకుని అనంతగిరి కొండల్లో రెండు రోజులు వరుసగా నడవండి. రెండో రోజు పొద్దున మోకాళ్లు ఏమంటున్నాయో చూసుకోండి. వచ్చే ఏడాది మామూలు సెలవుల్లో నేపాల్‌లో అన్నపూర్ణ సర్క్యూట్‌కు రెండు వారాలు వెళ్లిరండి. పదో రోజున కూడా పొద్దున్నే బూట్లు కట్టుకోవాలనిపిస్తే అప్పుడు మేనేజర్‌కు ఆ పేజీ ఇవ్వండి.

ప్రశ్న: జిల్లా పరిషత్ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, వయసు 44, సర్వీసు 16 ఏళ్లు. నర్మదా పరిక్రమ, అంటే నది చుట్టూ ప్రదక్షిణ, కాలినడకన చేయాలని ఉంది. అన్ని నెలలు సెలవు దొరకదు, రాజీనామా చేయాల్సిందేనని తోటివాళ్లు అంటున్నారు.
— ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: రాజీనామా మాటే ఎత్తకండి. రాజీనామా చేస్తే గత సర్వీసంతా లెక్కలోంచి పోతుంది. మీ సర్వీస్ రిజిస్టర్ తీయించి అర్ధవేతన సెలవు ఖాతా చూడండి. ఏడాదికి 20 రోజుల చొప్పున 16 ఏళ్లకు 320 రోజులు జమై ఉండాలి. వాడుకున్నవి పోను 200 మిగిలినా మీకు ఎక్కువే. ఈ సెలవు సొంత పనుల మీద కూడా పెట్టుకోవచ్చు, వైద్య ధ్రువపత్రం అక్కర్లేదు. దొంగ సర్టిఫికెట్ పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. నడక ఫొటో ఒక్కటి వాట్సాప్‌లో తిరిగితే చాలు, లేని తలనొప్పి. జీతం సగమే వస్తుంది కానీ ఇంటి రుణం, ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా) కోతలు సగం కావు. చేతికొచ్చేది సగం కంటే తక్కువే అనుకుని లెక్క వేసుకోండి. సెలవు హక్కు కాదు, మంజూరు చేయాల్సింది అధికారి. కాబట్టి జూన్‌లో బడి తెరవగానే హెడ్మాస్టర్‌తో మాట్లాడి, ఆ ఏడాది పదో తరగతి మీకు వేయకుండా చూసుకోండి. సగం సిలబస్‌లో పిల్లల్ని వదిలి వెళ్తున్నారంటే ఏ అధికారీ సంతకం పెట్టడు, పెట్టకూడదు కూడా.

కాలం కూడా కలిసొస్తుంది. చాతుర్మాస్యం ముగిసే కార్తీక శుద్ధ ఏకాదశి తర్వాత పరిక్రమ మొదలుపెడతారు. నవంబర్ మధ్యలో బయల్దేరి రోజుకు 20 - 25 కిలోమీటర్లు నడిస్తే ఐదు నెలలకు, ఏప్రిల్ మధ్యకు, పూర్తవుతుంది. వెంటనే వేసవి సెలవులు, కాళ్లకు విశ్రాంతి. నది పొడవు 1,312 కిలోమీటర్లే అయినా రెండు ఒడ్లూ, చుట్టుదారులూ కలిసి 3,000 దాటుతుంది. బర్గీ, ఇందిరా సాగర్, ఓంకారేశ్వర్, సర్దార్ సరోవర్ జలాశయాల కింద పాత ఒడ్డుదారి చాలావరకు మునిగిపోయింది మరి.

చాలామంది ఓంకారేశ్వర్ దక్షిణపు ఒడ్డున సంకల్పం చెప్పుకుని, నదిని కుడి చేతివైపు ఉంచుకుని పడమటికి బయల్దేరతారు. నర్మదను ఎక్కడా దాటకూడదు. ఉపనదులు దాటొచ్చు. సముద్రం దగ్గర విమలేశ్వర్ వైపు నుంచి పడవలో, సముద్రం మీదుగా, ఉత్తరపు ఒడ్డున ఉన్న మీఠీ తలాయికి చేరతారు. పడవ పోటు మీద నడుస్తుంది కాబట్టి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు ఆగాల్సి వస్తుంది. అక్కడి నుంచి ఉత్తరపు ఒడ్డున అమరకంటక్, మళ్లీ దక్షిణపు ఒడ్డున ఓంకారేశ్వర్. చిన్న సీసాలో నర్మద నీళ్లు వెంట ఉంటాయి, ఆఖరున ఓంకారేశ్వరుడికి సమర్పిస్తారు. ‘నర్మదే హర్’ అంటే చాలు, ఆశ్రమాల్లోనూ ఊళ్లలోనూ తిండి, పడుకునే చోటు దొరుకుతాయి. కొన్నిచోట్ల వండినదానికి బదులు బియ్యం, పప్పు ఇస్తారు. అందుకని చిన్న గిన్నె ఒకటి ఉండాలి. అయినా రోజుకు 300 చొప్పున చేతిలో ఉంచుకోండి. ఒంట్లో బాగోని రోజు గది తీసుకుని పడుకోవాలి.

కష్టమైన భాగం శూలపాణి ఝాడీ. బడవానీ దాటాక వచ్చే సాత్పురా కొండలవి. ఊళ్లు దూరదూరంగా ఉంటాయి, ఎక్కడం దిగడం ఎక్కువ. ఒంటరిగా వెళ్లొద్దు. బడవానీలో ఒకరోజు ఆగితే తోడు దొరుకుతారు. హిందీ వస్తే దారంతా గడిచిపోతుంది. ముందుగా రుచి చూడాలనుకుంటే, చైత్రంలో గుజరాత్‌లోని తిలక్‌వాడా దగ్గర ఒక్కరోజులో ముగిసే ఉత్తరవాహిని పరిక్రమ జరుగుతుంది. రెండు రోజుల సెలవు చాలు.

ప్రశ్న: డాలస్‌లో హెచ్-1బి మీద ఉన్నాను. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వచ్చి మూడేళ్లయింది. ఉద్యోగం మానేసి అపలాచియన్ ట్రయల్ నడిచి, తర్వాత కొత్త ఉద్యోగం చూసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: మానేయకండి. ఉద్యోగం పోయాక మీకుండేది గరిష్ఠంగా 60 రోజులు. 3,500 కిలోమీటర్ల పైచిలుకు బాటకు ఐదారు నెలలు కావాలి. ఆ 60 రోజులు నడవడానికి కాదు, కొత్త యజమాని చేత దరఖాస్తు వేయించుకోవడానికి. ఐ-140 ఆమోదమై 180 రోజులు దాటింది కాబట్టి యజమాని వెనక్కి తీసుకున్నా అది రద్దు కాదు, గ్రీన్‌కార్డు వరుసలో మీ చోటు చెప్పే ప్రయారిటీ తేదీ కూడా పోదు. పోయేది అక్కడ ఉండే హోదా. ఇండియా వచ్చి మళ్లీ వెళ్దామనుకుంటే, అమెరికా బయట ఉండి, చెల్లుబాటయ్యే హెచ్-1బి వీసా లేనివారి తరఫున వేసే కొత్త దరఖాస్తులపై 2025 సెప్టెంబర్‌లో లక్ష డాలర్ల చెల్లింపు పెట్టారు. అది కోర్టులకు వెళ్లింది కూడా. మీ కోసం అంత పందెం కాసే కంపెనీ దొరకడం కష్టం.

మీ కోరిక మీద, మీ సొంత కారణంతో కంపెనీ జీతం లేని సెలవు ఇస్తే, ఉద్యోగ సంబంధం తెగనంత వరకు హోదాకు ఇబ్బంది ఉండకూడదు. కానీ ఐదు నెలలంటే ముందుగా వలస న్యాయవాదికి చూపించి, సెలవు పత్రం, తిరిగి చేరే తేదీ దగ్గర ఉంచుకోవాలి. ఖాళీగా ఉన్నారని కంపెనీయే ఇంట్లో కూర్చోబెడితే అది వేరే సంగతి. అప్పుడు జీతం ఇవ్వాల్సిందే.

గ్రీన్‌కార్డు వచ్చేదాకా మేము సూచించేది ముక్కలు ముక్కలుగా నడవడం. అపలాచియన్ ట్రయల్ కన్సర్వెన్సీ ఒకే ఏడాదిలో పూర్తిచేసినవారినీ, ఏళ్ల తరబడి భాగాలుగా పూర్తిచేసినవారినీ ఒకే పేరుతో గుర్తిస్తుంది. మొదటి ముక్క జార్జియాలోని స్ప్రింగర్ పర్వతం నుంచి ఫాంటానా డ్యామ్ వరకు పెట్టుకోండి. 267 కిలోమీటర్లు, రెండు వారాల సెలవు. ఏప్రిల్ రెండో వారంలో వెళితే మార్చి రద్దీ తగ్గి ఉంటుంది. రాత్రి చలికి తగిన స్లీపింగ్ బ్యాగ్ మాత్రం ఉండాలి. డ్యామ్ దాటగానే గ్రేట్ స్మోకీ పర్వతాలు. వాటికి నేషనల్ పార్కు అనుమతి విడిగా కావాలి. దాన్ని తీసుకుని వచ్చే ఏడాది అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.